ఉపేక్ష – చట్టము, ధర్మము



పసిబిడ్డయొకతె హింసకు లోనగుచున్నదని అనుమానించియు నోరు విప్పనివాడు దోషియా? చట్టము చెప్పు ఉత్తరము వేఱు, ధర్మము చెప్పు ఉత్తరము వేఱు.

చట్టము చిరకాలము ఈ విషయమున మౌనముననే యుండెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 39వ సెక్షనునందు, ఎఱిగినవాడు పోలీసులకు తప్పక తెలుపవలసిన నేరముల పట్టిక యుండెను. హత్య, దోపిడి, రాత్రివేళ ఇంటికి కన్నము వేయుట, దొంగనోట్లు ఇవన్నియు అందు కలవు. బలాత్కారము మాత్రము లేదు! దొంగనోటుపాటి విలువ ఆడుబిడ్డకు లేకపోయెనా యని ఎవరైన నడిగినచో బదులు చెప్పుట కష్టము.

2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ఈ లోటును తీర్చినది. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినను, జరుగునేమోయని శంక కలిగినను, ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆఱు నెలల వఱకు కారాగారము, లేదా జరిమానా, లేక రెండును. సంస్థను నడుపువాడు తన క్రింది ఉద్యోగి నేరమును దాచినచో ఏడాది వఱకు శిక్షయు, జరిమానాయును. సద్బుద్ధితో తెలిపినవానిపై ఏ వ్యాజ్యమును చెల్లదు.

ఇది దూరదేశపు మాట కాదు. చెన్నూరునకు ఉత్తరమున రాజురా కలదు. 1956 వఱకు అది ఆదిలాబాదు జిల్లాలోనిదే, నేడు మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లాలోనిది. అచ్చట ఒక పాఠశాల వసతిగృహమందలి గిరిజన బాలికలపై అత్యాచారము జరిగినదని 2019లో కేసు నమోదైనది. ఆ బాలికలకు చికిత్స చేయు వైద్యుడు విషయము తెలిసియు తెలుపలేదని ఆరోపణ. 2021లో హైకోర్టు అతనిపై కేసును కొట్టివేసినది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసి, తెలిసియు దాచుట తీవ్రమైన నేరమనియు, అది తఱచు నేరస్థుని కాపాడు యత్నమేయనియు చెప్పినది. ఆ వైద్యునిపై ఆరోపణ నిజమా కాదా యనునది విచారణలో తేలవలసిన సంగతి.

అయినను చట్టమునకొక హద్దు కలదు. కేరళలో ఒక బాలిక ప్రసవించినపుడు చికిత్స చేసిన వైద్యులపై ఇట్టి కేసే వచ్చెను. ఆమె వయస్సు 18 ఏండ్లని వారికి చెప్పబడెను. తెలియుట యనగా సమాచారము అందుటయే గాని, వెదకి విచారించి తెలిసికొనవలసిన బాధ్యత లేదని 2018లో సుప్రీంకోర్టు వారిని విడుదల చేసినది. వైద్యుల విషయమున అది న్యాయమే.

కాని ఈ హద్దు చాటున దాగువారును కలరు. బడికి వచ్చు పిల్ల ఒక్కసారిగా మాట మానినది. సెలవులకు ఇంటికి పోనని ఏడ్చుచున్నది. ఫలానా బంధువు వచ్చినచో తలుపు చాటున నక్కుచున్నది. ఉపాధ్యాయుడు చూచుచునే యున్నాడు. అడిగినచో తెలియును, తెలిసినచో ఠాణాకు పోవలెను, పోయినచో ఊరిలో పగ. కావున అడుగడు. తనకేమియు తెలియదని కోర్టులో చెప్పుకొనవచ్చును. తిక్కనగారి ఉద్యోగపర్వమున, ధర్మము చెడుచుండగా ఉపేక్షించిన సమర్థులకే చేటని శ్రీకృష్ణుడు కౌరవసభలో హెచ్చరించినది ఇట్టివారినే. ఆ సభలోని పెద్దలు ఏ సెక్షను క్రిందను ముద్దాయిలు కారు!

భార్యను కొట్టు ఇంటి విషయమున చట్టము ఇంకను మెత్తన. 2005 నాటి గృహహింస చట్టము, పొరుగువాడు రక్షణాధికారికి తెలుపవచ్చునని మాత్రమే చెప్పును. తెలుపకున్న శిక్ష లేదు. గోడకీవల కేకలు విన్నవానిని వాని మనస్సాక్షికే విడిచినది.

అనుమానము తప్పైనచో నిర్దోషికి అపకీర్తి రాదా యని కొందఱందురు. ఆ భయము తీసివేయదగినది కాదు. అందుకనియే అట్టి మాటను రచ్చబండపై ఆడరాదు. ఠాణాలో చెప్పవలెను, లేదా 1098 అను నంబరునకు ఫోను చేయవలెను. నిజమేదో తేల్చు పని వారిది. ఆ నంబరునకు రాత్రియైనను పగలైనను, పెద్దలే కాక పిల్లలును, రుసుము లేకయే ఫోను చేయవచ్చును.