మన యూరు చూపువారెవరు?



ఈ యేటి పుష్యమాసమున ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు హైదరాబాదునుండి మా బంధువులు వచ్చిరి. రథోత్సవము చూచిన మరునాడు వారు, "మామయ్యా, ఆదోని కోట చూపు గైడు ఎవరైన దొరుకునా?" అని నన్నడిగిరి. ముప్పదియేండ్లకు పైగా ఈ ప్రాంతపు బడులలో పాఠములు చెప్పిన నాకు వెంటనే యొక పేరైనను తోచలేదు. ఆ సిగ్గే నేటి ప్రసంగమునకు కారణము.

అమెరికాలో చార్లెస్టన్ అను నొక మధ్యతరపు పట్టణము గలదు. అచ్చట సొమ్ము పుచ్చుకొని పాత వీథులు చూపగోరువాడు నగరమువారు పెట్టు వ్రాతపరీక్షలో నెగ్గవలెనని చిరకాలము నియమముండెను. పరీక్ష తప్పినంతమాత్రమున తన యూరి కథ చెప్పవలదనుట వాక్స్వాతంత్ర్యమునకు భంగమని 2018లో న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. బెత్తము పట్టిన చేయి గదా, మొదట నాకా తీర్పు రుచింపలేదు. పరీక్షలేని విద్య యేమి విద్య యనుకొంటిని. పిమ్మట ఆదోని కొండ జ్ఞాపకమునకు వచ్చినది.

1994వ సంవత్సరమున, చైత్రమాసపు టెండలో, ఇరువదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ కోట యెక్కితిని. 1565 నాటి యుద్ధము తరువాత కోట విజయనగరమువారినుండి బిజాపురమువారికి పోవుట, 1688లో ఔరంగజేబు సేనలకు లొంగుట, 1786లో టిప్పు సుల్తాను పట్టుకొనుట, 1800లో నిజాము దానిని కుంఫిణీవారికి వదలివేయుట, అన్నియు నాకు కంఠస్థములు. దారి మాత్రము తెలియదు. మిట్టమధ్యాహ్నమునకు తెచ్చుకొన్న నీరు అయిపోయెను. ఒక బాలుడు సొమ్మసిల్లి పడెను.

మేకలు కాచుకొనుచున్న యొక ముదుసలి మా కేకలు విని వచ్చి, మారుమాటాడక బాలుని భుజమున వైచుకొని, సగము కొండమీదనున్న కోనేటికి మమ్ము నడిపించెను. నీరు త్రాగి పిల్లవాడు కన్ను తెరచిన పిదప ఆతడిట్లనెను: "ఈ కోనేరు ఎండింది మా తాత సూడలే, మా నాయన సూడలే, నేను సూడలే సామీ. అడుగున బంగారముందంటారు. అది ఇన్నమాట. సూసినమాట కాదు."

చూచిన మాటను, విన్న మాటను ఇంత స్పష్టముగా వేరుచేసి చెప్పినవారిని నేను పండితసభలలో సైతము అరుదుగా చూచితిని.

మన ప్రాంతమునకు ఈ వివేకము మిక్కిలి యవసరము. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కన్నులయెదుట నున్నది. అది చూచిన మాట. మొగలుల ఫిరంగులు మసీదువైపు తిరుగగా, దానికి హాని కలుగునేమో యని ఆయన కోటనే యప్పగించెనందురు, అది విన్నమాట. శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశము చేసిన మంత్రాలయమునకు పూర్వనామము మంచాల. ఆ గ్రామమును స్వామివారికి సమర్పించినవాడును ఈ మసూద్ ఖానే యని చెప్పుదురు. మసీదు చూచినవారు మసీదు చూచి పోవుదురు. మంత్రాలయమునకు వచ్చినవారు దర్శనమైనంతనే రైలెక్కుదురు. ఆ రెంటిని కలుపు పేరొకటి కలదని వారికి చెప్పువారు లేరు.

గైడు నెట్లు వెదకవలెనో నాకు తెలిసినంతవరకు చెప్పెదను. కోట చూడగోరువారు ఆదోని రణమండల ఆంజనేయస్వామి గుడికడ విచారించి, కొండ తెలిసినవానిని వెంటబెట్టుకొనవలెను. కూలి ముందే మాటాడుకొనవలెను. కొండ నడుమ బేరము ఇరువురకు నగుబాటు. వేకువనే బయలుదేరి, ఎండ ముదురకమునుపే దిగవలెను. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమునుగూర్చి తెలిసికొనగోరువారికి ముసలి నేతగాండ్ర వాకిళ్లే పాఠశాలలు. అయితే మగ్గము ఆడుచుండగా ప్రశ్నింపరాదు. పోగు తెగిన, సమాధానమును తెగును. గుత్తి పత్తికొండల నడుమ ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములున్నవి. అందొకదానిలో కొన్ని పంక్తులు కుడినుండి యెడమకు నడచును. పక్కన నిలిచి వ్రేలితో చూపువాడు లేనిచో, అంతదూరము పోయినవారును దానిని గమనింపక తిరిగివత్తురు.

మా బంధువులకై నేనా మేకలకాపరిని వెదకికొనుచు పోయితిని. ఆతడు గతించి చాలకాలమైనదట. కుమారుడు ఆదోనిలో ప్రత్తి మిల్లులో పనిచేయుచున్నాడు. "నేను కొండెక్కింది ల్యా సారూ, నాయనను అడిగిందీ ల్యా" అనెను.

అది మొదలు ఒక నోటుపుస్తకము పెట్టుకొంటిని. పుటకు రెండు గళ్లు: ఎడమవైపు చూచినది, కుడివైపు విన్నది. ఎవరి నోట, ఏ యూర విన్నదియు క్రింద వ్రాయుచున్నాను. ఆదోనికి పదునొకండు పుటలు నిండినవి, ఎమ్మిగనూరునకు ఆఱు. పెద్ద తుంబళపు పాత గుళ్లకు విడిచిన పుట యింకను తెల్లగనే యున్నది. ఆ వైపు పెద్దలెవరైన ఈ ప్రసంగము వినుచున్న యెడల, రాబోవు అమావాస్య తరువాత నేనే యచ్చటికి వచ్చెదను.