పాత వీల్ లోడర్ కొంటున్నారా? మీటర్ కాదు, బండి నడుము చూడండి

ఈ రోజు బండి మన దగ్గర లేదు, అందుకే కెమెరా చిలకలగూడలో మా ఇంటి మేడ మీద పెట్టాను. వెనక రైలు కూతలు వినిపిస్తే ఏమనుకోకండి, ఇక్కడ అవి ఆగవు.

పోయిన నెల మా వీధిలో ఉండే ఒక తమ్ముడు వచ్చాడు. వాళ్ళ నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. వచ్చిన డబ్బులో సగానికి పైగా పెట్టి పాత వీల్ లోడర్ కొని, ఒక క్రషర్‌లో నెల కిరాయికి పెడదామని వాళ్ళ ప్లాన్. "అన్నా, పన్నెండేళ్ల బండి, మీటర్ 6,400 గంటలే ఉంది, పెయింట్ కొత్తగా ఉంది. రేపు బయానా ఇస్తున్నా, ఒక్కసారి ఫొటోలు చూడు" అన్నాడు. ఫొటోల్లో బాగానే ఉంది. ఫొటోల్లో ఏ బండైనా బాగానే ఉంటుంది. బయానా ఆపమన్నాను.

ముందు ఒక చిన్న మాట. పసుపు రంగు బండి ఏది కనిపించినా మనం జేసీబీ అంటాం. అది కంపెనీ పేరు. 1945లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ మొదలుపెట్టాడు, ఆయన పేరులోని మూడు అక్షరాలే అవి. మన వీధుల్లో తిరిగేది, ముందు బకెట్టూ వెనక తవ్వే చెయ్యీ ఉండేది, బ్యాక్‌హో లోడర్. వీల్ లోడర్ వేరు. దీనికి ముందు పెద్ద బకెట్టు ఒక్కటే. కంకర, ఇసుక, బొగ్గు ఎత్తి టిప్పర్‌లో పోయడం దీని పని. ఇంకో తేడా, స్టీరింగ్ తిప్పితే దీని ముందు చక్రాలు పక్కకి తిరగవు. బండి నడుము దగ్గర వంగుతుంది. ఆ నడుమునే సెంటర్ జాయింట్ అంటాం. ఈ రోజు అసలు కథ అక్కడే ఉంది.

సరే, మీటర్ సంగతి. క్రషర్‌లో రోజుకి 8 గంటలు, ఏడాదికి 250 రోజులు పెట్టుకున్నా 2,000 గంటలు. పన్నెండేళ్లకి 24,000. మరి 6,400 ఎలా వచ్చింది? ఒకటి, బండి ఏళ్ల తరబడి మూలన పడి ఉండాలి. లేకపోతే మీటర్ మార్చి ఉండాలి. మీటర్ మార్చడం పెద్ద పనేం కాదు. అందుకే ముందు పెడల్ చూడండి. ఈ బండికి బ్రేక్ పెడల్ మీద రబ్బరు అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. సీటు కవర్ మాత్రం కొత్తది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మేం చేసిన తప్పు, వస్తున్నామని ఫోన్ చేసి చెప్పడం. వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో మనం చూడకూడదని ముందే వేడి చేసి పెడతారు. మేం ఏమీ అనలేదు, టీ తాగి వచ్చేశాం. మర్నాడు పొద్దున్నే ఆరింటికి చెప్పకుండా వెళ్ళాం. మూడుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు. తెల్ల పొగ వచ్చింది, కాసేపటికి తగ్గింది. చల్లటి పాత డీజిల్ ఇంజన్‌కి ఆ మాత్రం మామూలే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే అది ఆయిల్ తాగుతోందని అర్థం. ఆయిల్ పోసే మూత తీసి చూశాం, బ్యాక్ కంప్రెషన్ కొంచెం కొడుతోంది. ఇంజన్ పనికి దగ్గర్లో ఉంది కానీ చచ్చిపోలేదు. ఇంజన్ పని మన ఊళ్ళో చేసేవాళ్ళున్నారు, ఖర్చు ఎంతో ముందే అడిగి తెలుసుకోవచ్చు. నన్ను భయపెట్టింది ఇంజన్ కాదు.

ఇప్పుడు నడుము దగ్గరికి వద్దాం. బండిని చదునైన నేల మీద పెట్టించండి. ఆపరేటర్‌ని బకెట్టు కిందకి నొక్కమనండి, ముందు చక్రాలు కొంచెం పైకి లేస్తాయి, మళ్ళీ దించమనండి. ఇలా నాలుగైదుసార్లు. ఆ టైమ్‌లో సెంటర్ పిన్నుల దగ్గర రెండు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎగిరిపడుతున్నాయా చూడాలి. ఇక్కడ ఒక్క మాట సీరియస్‌గా చెప్తున్నా. ఇంజన్ నడుస్తుండగా ఆ మధ్య సందులోకి మీరు వెళ్ళొద్దు, చెయ్యి పెట్టొద్దు. స్టీరింగ్ కొంచెం తిరిగితే చాలు, అక్కడ మనిషి నలిగిపోతాడు. ఫోన్ చేతిలో ఉంది కదా, పక్కన దూరంగా నిలబడి జూమ్ చేసి స్లో మోషన్‌లో తీయండి. మేం అలాగే తీశాం. కంటికి పట్టని ఆట వీడియోలో స్పష్టంగా కనిపించింది, కింది పిన్ను దగ్గర టక్ టక్ అని కదులుతోంది.

ఇంజన్ ఆపించి, లాక్ బార్ వేయించి, అప్పుడు దగ్గరికెళ్ళి స్క్రూ డ్రైవర్‌తో కొత్త పెయింట్ గీకాం. లోపల వెల్డింగ్ మచ్చ, దాని పక్కనే సన్నటి పగులు. పిన్ను, బుష్ మారిస్తే పోయే పని కాదిది. పిన్ను కూర్చునే రంధ్రమే అరిగితే బండిని రెండు ముక్కలుగా విడదీసి, రంధ్రానికి వెల్డింగ్ నింపి, లైన్ బోరింగ్ చేయాలి. అన్ని రోజులూ కిరాయి ఉండదు, ఆపరేటర్ జీతం మాత్రం ఉంటుంది.

తమ్ముడి ముఖం వాడిపోయింది. అప్పటిదాకా మాట్లాడని వాళ్ళ నాన్న సంచిలోంచి చిన్న సుత్తి తీశారు. రైల్వేలో చక్రాలని తట్టి శబ్దం వినే అలవాటు కదా, నాలుగు చక్రాల నట్లూ ఒక్కొక్కటే తట్టుకుంటూ వెళ్ళారు. మూడు చక్రాలు ఖంగుమన్నాయి. వెనక ఎడమ చక్రంలో రెండు నట్లు మాత్రం మొద్దుగా పలికాయి. "ఇవి పట్టు వదిలేశాయి" అన్నారు. పానా వేసి చూస్తే నిజమే. నిజం చెప్పాలంటే నేను ఆ రెండు నట్లు వదిలేసేవాణ్ణి.

ఇంకో ముఖ్యమైన విషయం, బండిని కనీసం అరగంట, నలభై నిమిషాలు పని చేయించండి. అమ్మేవాళ్ళు పది నిమిషాలు తిప్పి చాలంటారు. గేర్‌బాక్స్ జబ్బు, హైడ్రాలిక్ జబ్బు ఆయిల్ వేడెక్కాకే బయటపడతాయి. ఫస్ట్ గేర్‌లో కంకర కుప్పలోకి బకెట్టు గుచ్చమనండి. చక్రాలైనా జారాలి, ఇంజనైనా ముక్కాలి. ఇంజన్ హాయిగా అరుస్తూ బండి మాత్రం కదలకపోతే లోపల స్లిప్ అవుతోంది. మా బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే తోసింది. వేడెక్కాక రివర్స్ వేస్తే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాక కదిలింది. అలాగే నిండు బకెట్టు సగం ఎత్తులో ఆపి ఇంజన్ ఆర్పి, సిలిండర్ రాడ్ మీద చాక్‌పీస్‌తో గీత పెట్టండి. ఐదు నిమిషాల్లో ఎంత జారిందో అదే చెప్తుంది. బకెట్టు కింద మాత్రం ఎవరూ నిలబడకూడదు.

టైర్ల సైజు ఫొటో తీసుకుని షాపులో ధర అడగండి. నాలుగు టైర్ల ధర విన్నాక చాలామంది కూర్చుంటారు. తర్వాత మోడల్ నంబర్, పార్ట్ నంబర్లు పట్టుకుని రాణిగంజ్ వెళ్ళండి. కొన్ని పాత బండ్లకి కంపెనీ పేరే మారిపోయింది. తిరువళ్ళూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు చేసిన లోడర్లున్నాయి, ఆ ప్లాంటు తర్వాత క్యాటర్‌పిల్లర్ చేతికి వెళ్ళింది. అందుకే బ్రాండ్ పేరు కాదు, పార్ట్ నంబర్ చెప్పి అడగాలి.

కాగితాలు తొందరగా చెప్పేస్తా. రిజిస్ట్రేషన్ ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టండి. ఓనర్ ఎవరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అన్నీ చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 కూడా. ప్లేటు మీద నంబర్, ఫ్రేము మీద కొట్టిన నంబర్ ఒకటేనా చూడండి. క్రషర్ దాటి బయటికి రాని బండ్లకి కొన్నిసార్లు రిజిస్ట్రేషనే ఉండదు, అప్పుడు మొదటి కొనుగోలు బిల్లు అడగండి. ప్రభుత్వ సంస్థల పాత బండ్లు ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేలంలో వస్తాయి. అక్కడ ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. తర్వాత గొడవ పెట్టుకోవడానికి ఉండదు.

చివరికి ఏమైంది అంటారా? రిపేర్లన్నీ కాగితం మీద రాశాం. సెంటర్ జాయింట్, గేర్‌బాక్స్, టైర్లు, ఇంజన్ పని, బండి ఆగే రోజుల కిరాయి. ఆ మొత్తం అడిగిన ధరలో తీసేసి చెప్పాం. ఆయనకి కోపం వచ్చింది, "ఇష్టముంటే తీసుకోండి, లేకపోతే లేదు" అన్నాడు. తమ్ముడు ఇంకా ఊగుతున్నాడు, కొంచెం పెంచుదామని. వాళ్ళ నాన్న సుత్తి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కేశారు.

ఇంకా కొనలేదు. పోయిన ఆదివారం ఇంకో బండి చూశారట, ఈసారి ఫోన్ చేయకుండా వెళ్ళారు. దాని సెంటర్ జాయింట్ వీడియో నిన్న రాత్రి నాకు పంపారు. అది వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.