కంప్యూటరు ఆటలు - మన పిల్లలు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు పిల్లవాడు ఇంట్లో లేడంటే వీధిలో ఆడుకుంటున్నాడని అనుకునేవాళ్లం. గోళీలైనా, కర్రాబిళ్లైనా చీకటి పడగానే ముగిసేది. కంప్యూటరు ఆటకూ, సెల్‌ఫోను ఆటకూ చీకటి లేదు. ఒక మెట్టు దాటితే ఇంకో మెట్టు, రోజూ వచ్చేవాడికి బహుమతి, మధ్యలో లేస్తే జట్టు ఓడిపోతుందనే భయం. లేవనీయకుండా ఉండేలాగే వాటిని తయారు చేశారు.

ఇది ఉత్త పెద్దల చాదస్తం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమలుచేసిన జబ్బుల పట్టికలో ఆట వ్యసనాన్ని కూడా చేర్చింది. కాసేపు ఆడే ప్రతి పిల్లవాడికీ జబ్బని కాదు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, చదువు, తిండి, నిద్రకన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం - ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉండి, చదువూ ఇల్లూ దెబ్బతింటేనే దాన్ని జబ్బంటారు.

ఇక హింస సంగతి. తుపాకి ఆట ఆడినవాడల్లా రౌడీ అవుతాడనడం సరికాదు. అరవడం, తోయడంలాంటి దురుసుతనానికీ ఈ ఆటలకూ స్వల్ప సంబంధం ఉందనీ, ఘోరమైన హింసకు ఇవే కారణమనడానికి చాలినంత ఆధారం లేదనీ అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో తీర్మానించింది. కాని మన ఇళ్లలో జరిగేది చిన్నదేం కాదు. ఫోను లాక్కుంటే తలుపు దడాలున వేస్తాడు, చెల్లెల్ని కొడతాడు, తల్లిమీదే చెయ్యెత్తుతాడు. నిద్రలేని చిరాకు ఒకటి, గెలవబోతుండగా ఆపేశారన్న కోపం ఒకటి. అప్పుడు మనం బెల్టు తీశామంటే, దెబ్బతోనే మాట నెగ్గుతుందని మనమే నేర్పినట్టు.

చట్టాలు లేకపోలేదు. 2020 సెప్టెంబరులో మన దేశంలో పబ్జీని నిషేధించారు. మరుసటి ఏడే అలాంటిదే ఇంకో పేరుతో వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అయితే ఏ చట్టమూ పడకగదిలోకి వచ్చి ఫోను తీసిపెట్టదు.

ఆ పని మనదే. రాత్రి భోజనం అయ్యాక అబ్బా ఫోనుతో సహా ఫోన్లన్నీ ఒక్కచోట పెడదాం. ఎంతసేపో ఆటకు ముందే చెబుదాం, నడుమ లాక్కోవద్దు. డబ్బు చెల్లించే పిన్ను పిల్లలకు చెప్పవద్దు. సాయంత్రం వాళ్లతో పాటు మైదానానికి మనమూ వెళదాం. అప్పటికీ చెయ్యి దాటితే సిగ్గుపడక డాక్టరుకు చూపిద్దాం. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసం ప్రత్యేక క్లినిక్కు ఉంది. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు.

ఈ రాత్రినుంచే మన ఇళ్లలో ఇది మొదలుపెడదామని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.