తొలి రచనకు తోడైనవారు
(వార్షిక మహాసభల సందర్భమున జరిగిన యువ రచయితల గౌరవసభలో చేసిన ఉపన్యాసము)



 మన యువజన సేవాసంస్థ యాశ్రయమున కథలు, పద్యములు, వ్యాసములు వ్రాసిన బాలబాలికలు నేడు ఈ వేదిక ముందు తొలి వరుసలో కూర్చున్నారు. వారి ప్రక్కనే వారికి తోడ్పడిన ఉపాధ్యాయులు, గ్రంథాలయ నిర్వాహకులు, ముద్రణాలయమువారు, ద్రవ్యమొసగిన దాతలు ఆసీనులై యున్నారు. ఈ రెండు వరుసలను ఒక్కచోట చేర్చుటయే ఈ సభకు గల విశేషమని మేము తలంచుచున్నాము. రచయితలను సన్మానించు సభలకు మన దేశమున కొఱత లేదు. రచయితకు తోడైనవారిని పిలిచి కూర్చుండబెట్టి గౌరవించు సభలు మాత్రము అరుదు.

బిడ్డ తొలి యడుగు వేసిననాడు ఇల్లంతయు చేతులు చాచి నిలుచును. పడినను నవ్వుచు లేవనెత్తును. అరిసెలు వండి అడుగులకు వేడుక చేయును. ఆ బిడ్డయే పండ్రెండవ యేటనో, పదునాలుగవ యేటనో తాను వ్రాసిన తొలి కథను చేతబట్టుకొని వచ్చినప్పుడు, “ముందు లెక్కలు పూర్తిచేయుము” అందుము. అట్లనువారు దుష్టులు కారు. బిడ్డ బ్రదుకుతెరువును గూర్చి భయపడు తలిదండ్రులే. కాని ఆ క్షణమున ఆ కాగితమును అందుకొని చదువువాడొకడు లేకపోయెనా, ఆ కథ అక్కడనే ముగియును. తొలి రచనకు కావలసినది బిరుదు కాదు, శాలువ కాదు. చదువు మనుష్యుడు, అచ్చుపడు పుట, కూర్చుండుటకు చోటు. ఈ మూటిని సమకూర్చువారే నిజమైన పోషకులు. మేము నేడు విన్నవింపదలచినది ఇంతమాత్రమే. దీనికి మన భాషలోనే దృష్టాంతములు కలవు.

చెన్నపట్టణమున 1938లో రేడియో కేంద్రము నెలకొనెను. అందు తెలుగు పిల్లల కార్యక్రమములను నడిపిన న్యాయపతి రాఘవరావుగారును, వారి సతీమణి కామేశ్వరిగారును, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేళ్లతో ఇంటింటికిని చుట్టములైరి. వారు బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో ‘బాల’ యను పత్రికను వెలువరించిరి. పెద్దలు పిల్లలకై వ్రాయుటతో సరిపెట్టక, పిల్లలు తామే వ్రాసిన రచనలకును అందు చోటిచ్చిరి. ఆ యేడే ముళ్లపూడి వెంకటరమణ యను బాలుడు వ్రాసిన ‘అమ్మ మాట వినకపోతే’ అను కథ అందు అచ్చుపడెను.

ఆ బాలుడెవడు? 1931లో ధవళేశ్వరమున పుట్టి, చిన్ననాడే తండ్రిని గోల్పోయి, తల్లి వెంట చెన్నపట్టణము చేరినవాడు. లేమి యననేమో పుస్తకములలో చదివి కాక, కడుపుతో నెఱిగినవాడు. అట్టివాని పేరు అచ్చులో కనబడినప్పుడు ఆ యింట ఎట్టి వెలుగు నిండియుండునో తల్లులైన మీరు ఊహింపగలరు. అతనికంటె రెండేండ్లు చిన్నవాడైన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అనగా మనమందఱము బాపు అని పిలుచుకొను చిత్రకారుడు, బొమ్మలు గీయ నారంభించినదియు ఆ ‘బాల’ పుటలలోనే. పిమ్మట ఆ మిత్రులు ‘ఉదయభాను’ అను పేర సొంతముగా ఒక చిన్న పత్రికనే నడిపిరి. ఒకరికి వ్రాత, ఒకరికి గీత. ఆ స్నేహము నుండి ‘బుడుగు’ రూపుదాల్చెను. 1967లో ‘సాక్షి’ చలనచిత్రము వచ్చెను. తెలుగువారి నవ్వునకే ఒక క్రొత్త రూపు వచ్చెను.

‘బాల’ పత్రిక 1959లో నిలిచిపోయినది. పదునాలుగేండ్ల ఆయుస్సు పత్రికకు గొప్పది కాదు. కాని లాభనష్టముల లెక్క వ్రాయువారు ఈ పద్దును ఏ వైపున వ్రాయుదురు? రాఘవరావు దంపతులు ఆ యిరువురు బాలురకు సిరిసంపదలు ఈయలేదు. అచ్చులో కొంత చోటిచ్చిరి. ఇచ్చునాడు వారు ఎట్టివారగుదురో ఎవ్వరికిని తెలియదు. తెలిసి ఇచ్చుట వర్తకము. తెలియక ఇచ్చుట పోషణము.

ఇక చోటును గూర్చి యొక మాట. నేటి బాపట్ల జిల్లాలో చేనేతకు పేరొందిన వేటపాలెమున, 1918లో వి.వి. శ్రేష్ఠిగారి పూనికతో, యువజనుల సంఘమొకటి పుస్తకములు సేకరించి పఠనాలయము నెలకొల్పెను. అదియే సారస్వత నికేతనము. 1929లో దాని భవనమునకు మహాత్మా గాంధీగారు శంకుస్థాపన గావించిరి. రాజధాని కాదు, పెద్ద పట్టణమైనను కాదు. అయినను తెలుగు పాతపత్రికలను శోధింపగోరు పండితులు నేటికిని ఆ యూరికి రైలెక్కి పోవుచున్నారు. యువకుల యుత్సాహమునకు పెద్దల ద్రవ్యము, ఊరివారి ఆదరము తోడైనచో ఒక చిన్న గ్రామము ఏమి కాగలదో దానిని చూచి నేర్చుకొనవలెను. ఉత్సాహము ఒంటరిదైనచో ఒక యేటిలో చల్లారును; ద్రవ్యము ఒంటరిదైనచో రాతికట్టడమై తలుపులు మూసికొని నిలుచును. రెండును కలిసిన చోటనే శతాబ్దము దాటిన దీపము వెలుగుచున్నది.

పుటను గూర్చి హైదరాబాదు నుండి యొక దృష్టాంతము. ఆ రాజ్యమున తెలుగు కవులే లేరను ఆక్షేపణ యొకప్పుడు వినవచ్చెను. అప్పటికే గోలకొండ పత్రికను 1926 నుండి నడుపుచున్న సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు కోపగించి సభలు చేయలేదు. ఊరూరి కవుల రచనలను సేకరించి, 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో ప్రకటించిరి. ఆక్షేపణకు ప్రత్యాక్షేపణ సమాధానము కాదు, అచ్చుపడిన పుటయే సమాధానమని వారు చూపిరి. ఆ ప్రతాపరెడ్డిగారే హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహ నిర్వహణభారమును వహించినవారని గుర్తుంచుకొందము. ఒక కులమువారి విరాళములతో వెలసిన వసతిగృహమున పనిచేసిన చేయియే, కులమడుగక తెలుగు కవులందఱిని ఒక గ్రంథమున చేర్చినది. కులసంఘములకు ఇంతకంటె మేలైన మార్గదర్శకము మేమెఱుగము.

ఈ మాట మేము ఊరకే అనుట లేదు. మన యువజన సంస్థకు విరాళమిచ్చు పోషకులలో కొందఱు రెండు ప్రశ్నలు వేయుచుందురు. “మా పిల్లల రచనలేనా, ఇతరులవియు అచ్చువేయుదురా?” యనునది మొదటిది. “మన సంఘమునకు కీర్తి తెచ్చు రచనలేనా, మనలను తప్పుపట్టు రచనలును ఉండునా?” యనునది రెండవది. ప్రశ్నించుట దాతల హక్కు. దాచక ఉత్తరమిచ్చుట మా విధి.

మొదటి ప్రశ్నకు ఉత్తరమును ఈ తొలి వరుసకు తోడైనవారే చెప్పుచున్నారు. మన పిల్లలకు పాఠములు చెప్పిన గురువులును, వారి కాగితములను కూర్చి అచ్చొత్తిన పనివారును, పుస్తకములు ఎరువిచ్చిన గ్రంథపాలకులును అందఱు మన కులమువారేనా? కారు. సాయము పుచ్చుకొనునప్పుడు అడుగని కులమును సాయము చేయునప్పుడు అడుగుట న్యాయము గాదు.

రెండవ ప్రశ్నకు విజయనగరము ఉత్తరము చెప్పగలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో అక్కడ ప్రదర్శింపబడెను. 1897లో గ్రంథరూపమున వెలువడి ఆనందగజపతి మహారాజుగారికి అంకితమయ్యెను. పసిపిల్లలను వెలకట్టి ముసలివారికి అమ్ముచున్న ఆచారము నిజముగా ఎంత ప్రబలి యున్నదో తెలిసికొనుటకు ఆ మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన అట్టి పెండ్లిండ్ల జాబితాను వ్రాయించిరి. 1034 పెండ్లిండ్లు లెక్కకు వచ్చెను. ఏటికి సగటున 344. ఆ జాబితా సంపూర్ణము గాదనియు గురజాడవారు తమ పీఠికలో చెప్పియున్నారు. తాను పుట్టిన సంఘము చెడుగును రచయిత బయటపెట్టెను. ఏలిక వలదనలేదు, పైగా లెక్కలు తీయించి చేతికిచ్చెను. ఆనాటి పెద్దలలో నొచ్చుకొన్నవారు లేకపోలేదు. నేడు వారి నొప్పి యెవ్వరికిని జ్ఞాపకము లేదు, నాటకము నిలిచినది. సంస్థానములు పోయినవి, అంకితమువలన ఆ ప్రభువు పేరును నిలిచినది.

కావున పోషకులారా, మన యింటి ఆడుబిడ్డ కట్నమును గూర్చి కథ వ్రాసినచో, మన పిల్లవాడు పెండ్లి విందులలో పాఱవేయు అన్నమును గూర్చి పద్యము వ్రాసినచో, అది మనకు అవమానమని తలంపకుడు. ఇంటిలోని దుమ్మును చూడగల కన్ను ఆ యింట పుట్టినదని సంతసింపుడు. పొగడ్తలే కావలెనన్నచో అందులకు కూలికి వ్రాయువారు దొరకుదురు. మన బిడ్డలను ఆ పనికి పెట్టనక్కఱ లేదు.

నేటి స్థితిని గూర్చి కొంత చెప్పక తప్పదు. ‘బాల’ లేదు. 1947లో వెలసిన ‘చందమామ’ వెనుకటివలె నెలనెలా మన గడపకు వచ్చుట లేదు. పిల్లల చేతిలో నేడు సెల్‌ఫోను కలదు. అందు ఎవ్వరేని ఏమేని వ్రాసి క్షణములో లోకమునకు పంపవచ్చును. వ్రాయుట సులభమైనది, చదివించుకొనుట కష్టమైనది. వేలమంది కన్నులబడి యొక్కరును చదువని రచన యెట్టిదో నేటి బాలుడెఱుగును. నచ్చినదని గుర్తు నొక్కువారు పలువురు. “ఈ వాక్యమున నీ భావము స్పష్టపడలేదు, తిరిగి వ్రాయుము” అని చెప్పువారు ఒకరైనను కానరారు. ఇట్టి కాలముననే తెలుగునాట రెండు రాష్ట్రములలోను కొందఱు పాఠశాలల ఉపాధ్యాయులు తమ తరగతి పిల్లల కథలను ఏర్చి కూర్చి సంకలనములుగా అచ్చువేయించుచున్నారు. ఎవ్వరును ఆజ్ఞాపింపని పని యిది. పలుచోట్ల సొంత జీతము నుండియే వ్యయము చేయుచున్నారు. మన సంస్థ చేయుచున్నదియు, చేయవలసినదియు ఇట్టి పనియే.

అందులకు మీకు నాలుగు మనవులు చేయుచున్నాము. ఒకటి: సన్మానమునకు పెట్టు వ్యయములో సగము ముద్రణమునకు మరల్పుడు, శాలువ పెట్టెలోనికి పోవును, పుస్తకము పదుగురి చేతులలోనికి పోవును. రెండు: విరాళమిచ్చు ప్రతి పోషకుడును ఒక్క యువ రచయిత రచననైన పూర్తిగా చదివి, తన యభిప్రాయమును స్వహస్తముతో ఉత్తరముగా వ్రాయవలెను. ధనము ఆలస్యమైనను మేము ఓర్చుకొందుము. ఆ యుత్తరము ఆలస్యమైనచో బాలుడు ఓర్వలేడు. మూడు: అచ్చుపడిన ప్రతి సంచికయు మన యూళ్ల గ్రంథాలయములకు చేరవలెను, గ్రంథాలయము లేని యూర ఒక గది చూపుడు. నాలుగు: ఏ రచన అచ్చుపడవలెననునది విరాళమును బట్టి గాక రచనను బట్టియే నిర్ణయింపబడవలెను. దాత కుమారుడైనను తిరిగి వ్రాయుమన్నప్పుడు తిరిగి వ్రాయవలసినదే. అది వానికి మనము చేయు గౌరవము.

యువ రచయితలారా! మీ పేరు నేడు ఈ సంచికలో అచ్చుపడినది. దీనిని గమ్యమని తలంపకుడు. వాకిలి యని తలంపుడు. మీ యమ్మమ్మ మాటలాడు తెనుగును చిన్నచూపు చూడకుడు. మీకు గల పలుకుబడి అంతయు అందుండియే రావలెను. వ్రాసినదానికి పదిరెట్లు చదువుడు. మీకు తోడైన వారిని మఱవకుడు. వారి ఋణము వారికి తీర్పనక్కఱ లేదు. ఎన్నడో ఒకనాడు మఱొక బిడ్డ చెమర్చిన చేతితో ఒక కాగితమును మీకు చూపును. ఆనాడు మీ పని ఆపి దానిని చదువుడు. ఋణము తీరినట్లే.

 ఈ సంచికను మీరు ఇంటికి కొనిపోయి, మొదట మీ బంధువుల ఛాయాచిత్రములున్న పుటలను చూతురని మేమెఱుగుదుము, చూడుడు. పిమ్మట చివర నున్న బాలబాలికల రచనలను తప్పక చదువుడు. చదివిన రాత్రియే ఉత్తరము వ్రాయుడు.