రొమ్ము క్యాన్సర్ ముప్పు: లెక్కకు పరీక్ష పెట్టడం ఎలా?

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

పదో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. నేను డాక్టర్ని కాదు. డాక్టర్లు వాడే లెక్కలు ఎంతవరకు నిజమవుతాయో పరీక్షించడం నా వృత్తి.

రొమ్ము క్యాన్సర్ ముప్పును అంచనా వేసే లెక్కల్లో బాగా పేరున్నది గెయిల్ మోడల్. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన మిచెల్ గెయిల్, ఆయన సహచరులు 1989లో ప్రచురించారు. స్త్రీ వయసు, రజస్వల అయిన వయసు, తొలి కాన్పు నాటి వయసు, బయాప్సీలు ఎన్ని జరిగాయి, తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ కూతుళ్లకు గానీ ఈ జబ్బు వచ్చిందా అన్నవి చెబితే, రాబోయే ఐదేళ్లలో ముప్పు ఎంత శాతమో చెబుతుంది. గమనించారా, నాన్నమ్మ, మేనత్త ఇందులో లేరు! 1.67 శాతం దాటితే ముప్పు ఎక్కువని గీత గీశారు. అది దాటితే నివారణకు టామాక్సిఫెన్ వాడాలా అన్న ప్రశ్న వస్తుంది. ఆ మందుతో రక్తం గడ్డకట్టే ప్రమాదం, గర్భసంచి క్యాన్సర్ ప్రమాదం కొంత పెరుగుతాయి. అందుకే ఈ అంకెతో ఆటలాడకూడదు.

లెక్క కట్టిన సమాచారంతోనే దాన్ని పరీక్షిస్తే, ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టే. కొత్తవారి మీద చూడాలి. అమెరికా నర్సుల ఆరోగ్య అధ్యయనంలోని 82,109 మంది తెల్లజాతి స్త్రీల మీద అలా చూసి, 2001లో ఫలితం ప్రచురించారు. 1992 నుంచి 1997 లోపు వారిలో 1,354 మందికి జబ్బు వచ్చింది. మోడల్ ఊహించిన సంఖ్యను దీనితో భాగిస్తే 0.94. ఒకటికి ఎంతో దూరం లేదు, మంచి మార్కులే.

ఎంతమందికి వస్తుందో చెప్పింది సరే, ఎవరికి వస్తుందో చెప్పగలదా? జబ్బు వచ్చిన ఒకరిని, రాని ఒకరిని పక్కపక్కన నిలబెడితే, వచ్చినావిడకే ఎక్కువ ముప్పు చూపించింది నూటికి 58 సార్లు. బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు సరిపోతుంది. జబ్బు వచ్చినవారిలో సగానికి పైగా ఆ 1.67 గీత కిందే ఉన్నారు. మాస్టారు "ఈసారి నలభై మందిలో ముప్పై మంది పాసవుతారు" అని చెప్పడం ఒకటి, ఆ ముప్పై మంది పేర్లు చదవడం మరొకటి. ఆయన పేర్లు కూడా చదివేవారు, అది వేరే సంగతి.

ఇక మన దగ్గరికి వస్తే, మన స్త్రీలలో ఈ జబ్బు అమెరికాలో కంటే తక్కువ మందికి వస్తుంది. అక్కడి తెల్లజాతి స్త్రీల రేట్లతో లెక్క వేస్తే ముప్పు ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడి క్యాన్సర్ రిజిస్ట్రీ రేట్లు పెట్టి దాన్ని చాలావరకు సరిచేయవచ్చు. కానీ ఒక వయసువారందరి అంకెనూ ఒకే సంఖ్యతో గుణిస్తే వాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస మారదు కదా మాస్టారూ! ఆ లోపం అలాగే ఉంటుంది. పైగా మన దగ్గర జబ్బు సగటున చిన్న వయసులోనే వస్తోంది, ఆ కాలిక్యులేటరేమో 35 ఏళ్లలోపు వారికి పనిచేయదు.

మన బ్యాచ్ గ్రూపులో కొందరు తమ అంకెలు పంచుకున్నారు. "నాది 0.8, ఇక మామోగ్రామ్ ఎందుకు?" అని ఒకావిడ రాసింది. అమ్మా, 0.8 అంటే వెయ్యిమందిలో ఎనిమిది మంది, సున్నా కాదు. అసలు ఆ ఫారంలో చేతికి గడ్డ తగులుతోందా అన్న ప్రశ్నే లేదు. తగిలితే అంకె ఎంతున్నా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకో. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.