పక్క గదిలోనుండి వచ్చిన సందేశము



ఈ దినము ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము 7వ వచనమును ధ్యానించుకుందాము. మీ యొద్ద బైబిలు ఉంటే తెరచి చూడండి. దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడు నేర్పాలో మోషే అక్కడ చెప్తున్నాడు. ఇంట్లో తీరికగా ఉన్న వేళ, దారిన వెళ్ళే వేళ, రాత్రి పడక చేరే వేళ, తెల్లవారి మేల్కొనే వేళ. గమనించారా? ఆ నాలుగు వేళల్లోనూ ఈనాడు మన చేతిలో ఉన్నది సెల్‌ఫోను. పడుకునే ముందు చివరిగా చూసేది దానినే. లేవగానే దిండు ప్రక్కన తడుముకునేది దానినే.

సెల్‌ఫోను సాతాను వస్తువు అని నేను చెప్పడము లేదు. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు టెలిగ్రాఫు మార్గమును ప్రారంభిస్తూ పంపినది సంఖ్యాకాండము 23వ అధ్యాయములోని మాట. 1992 డిసెంబరు 3న ఇంగ్లాండులో సెల్‌ఫోనుకు పంపబడిన మొదటి ఎస్.ఎం.ఎస్. క్రిస్మస్ శుభాకాంక్ష. మన గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతము నుండి కువైటు వెళ్ళి ఇళ్ళలో పని చేసుకుంటున్న తల్లులు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు వారి ఉత్తరము కోసము, ఎస్.టి.డి. బూతుకు వచ్చే ఫోను కోసము ఇంటివారు రోజుల తరబడి ఎదురుచూచేవారు. ఇప్పుడు వీడియో కాల్‌లో బిడ్డ ముఖము చూచుకుంటున్నారు. ఇందుకు దేవునికి స్తోత్రము చెల్లించాలి.

అయితే సముద్రము అవతల లేని మన సంగతి ఏమిటి? నా తప్పు మీతో ఒప్పుకుంటాను. ఒక రాత్రి నేను హాలులో కూర్చుని ఫోను చూచుకుంటున్నాను. మా చిన్నమ్మాయి రెండుసార్లు "నాన్నా" అని పిలిచింది. "ఆ, చెప్పమ్మా" అన్నానే గాని తల ఎత్తలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. కొంతసేపటికి నా ఫోనుకు ఒక సందేశము వచ్చింది. వాళ్ళమ్మ ఫోను నుండి ఆ బిడ్డే పంపింది. "నాన్నా, రేపు లెక్కల పరీక్ష. భయంగా ఉంది. ప్రార్థన చేస్తావా?" పది అడుగుల దూరములో, పక్క గదిలో ఉండి నా కుమార్తె ఫోనులో ప్రార్థన అడిగింది! నేనేమి చేశానో తెలుసా? చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి, మరల నా పనిలో పడిపోయాను.

మరునాడు ఉదయము నా భార్య ఒకే మాట అడిగింది. "రాత్రి దానికి ప్రార్థన చేశారా, బొమ్మ పంపారా?" నా యొద్ద జవాబు లేదు.

మార్కు సువార్త 10వ అధ్యాయములో చిన్నబిడ్డలను తీసికొని వచ్చినవారిని శిష్యులు గద్దించారు. ప్రభువు శిష్యుల మీద కోపపడ్డాడు. ఆ బిడ్డలను దూరము నుండే దీవించి పంపివేయలేదు. ఎత్తి కౌగిలించుకొని, వారి మీద చేతులుంచి ఆశీర్వదించాడు. ప్రియులారా, చేతులుంచుటకు ముందు చేతులు ఖాళీగా ఉండాలి కదా!

ఆ సాయంత్రము బిడ్డ బడి నుండి రాగానే ఆమె యెదుట క్షమాపణ అడిగాను. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. అప్పటి నుండి మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాము. భోజనము మొదలుకొని కుటుంబ ప్రార్థన ముగిసేవరకు ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద ఒక పళ్ళెములో ఉంటాయి. మొదట పెట్టవలసినది నా ఫోనే. వాక్యము ఫోనులో గాక అచ్చు బైబిలులో, పిల్లల చేత వంతులవారీగా చదివిస్తాము. ఫోనులో చదువుతుంటే మధ్యలో ఏదో ఒక సందేశము వచ్చి మనస్సును లాక్కుపోతుంది. దూరమున ఉన్నవారు, ఆసుపత్రిలో ఉన్నవారు పిలిస్తే వినబడేటట్లు గంట మాత్రము మ్రోగనిస్తాము.

తండ్రులారా, తల్లులారా! ఈ రాత్రి మీ బిడ్డ పిలిచినప్పుడు జవాబు చెప్పే ముందు తల ఎత్తండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మేము పిలిచినప్పుడెల్లా నీవు చెవియొగ్గుచున్నావు. మా బిడ్డలు పిలిచినప్పుడు మేమును ఆలకించునట్లు మాకు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.