పాత ట్రెయిలర్‌లో నీటి లీకు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళివచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత అక్కడ నేను చేసిన ఒక రిపేరు గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నీటి సరఫరా విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి. ఉపన్యాసాలు నాకు రావు, పని సంగతే చెబుతాను.

ట్రావెల్ ట్రెయిలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు. మంచం, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఉంటాయి. ఒహాయోలో మా అబ్బాయి 1991 నాటి బండి ఒకటి కొన్నాడు. 2022 వేసవిలో మేము వెళ్ళేసరికి ముందువైపు మంచం కింద నేల మెత్తబడి, కాలు వేస్తే దిగుతోంది. ఆ నేల చెక్కది, తడి నిలిస్తే కుళ్ళుతుంది. రిపేరు షాపువాడు నేలంతా పీకాలన్నాడట. అంత ఖర్చు పెట్టేకంటే తుక్కుకి ఇచ్చేయడం మేలు మామయ్యగారూ అంది కోడలు. నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా కొత్త చెక్క వేస్తే అదీ కుళ్ళుతుందమ్మా, ముందు అది చూద్దాం అన్నాను.

బండిలో నీటికి రెండు దారులు. బయటి కుళాయికి గొట్టం తగిలించుకోవచ్చు, లేదా లోపలి టాంకు నింపి 12 వోల్టుల పంపు వేసుకోవచ్చు. ఈ పంపే మనకు సాక్షి. కుళాయిలన్నీ కట్టేసి పంపు వేయండి. పైపులు నిండి ఒత్తిడి రాగానే అది ఆగాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే ఉండుండి మళ్ళీ తిరిగితే ఎక్కడో నీరు పోతున్నట్టే. పంపు లోపలి వాల్వు పాడై నీరు వెనక్కి టాంకులోకి పోయినా ఇలాగే తిరుగుతుంది గాని, అప్పుడు నేల తడవదు. పంపు కదలకుండా ఉండి నేల మాత్రం తడుస్తుంటే అది సింకు కింది మురుగు గొట్టమైనా కావాలి, కప్పులోంచో కిటికీ అంచులోంచో దిగే వాననీరైనా కావాలి.

మా పంపు తిరిగింది. హీటరు స్విచ్చీ, గ్యాసూ కట్టేసి, బైపాస్ వాల్వులతో హీటరును తప్పించి చూశాం. అయినా తిరిగింది. హీటరు దోషం కాదని తేలింది. ఇక టార్చిలైటు పట్టుకుని, పొడి కాగితంతో ఒక్కొక్క జాయింటూ తుడిచి చూడటమే. తమాషా ఏమిటంటే, తడిసిన ఆ మంచం కింద అసలు పైపే లేదు. లీకు వెనకవైపు స్నానాలగది గోడలో ఉంది. బండి ముందుకు కాస్త వాలి నిలబడటంతో నీరు వినైల్ షీటు కింద పాకి ఆ చివర తేలింది.

పగిలింది బూడిదరంగు పాలీబ్యూటిలీన్ పైపుకున్న ప్లాస్టిక్ ఎల్బో. 1970ల చివర నుంచి 1990ల మధ్య దాకా అమెరికాలో ఈ పైపు విరివిగా వాడారు. నీటిలోని క్లోరిన్‌కు అది పెళుసెక్కుతుంది. ఇళ్ళలో ఇవి పగిలిన వ్యవహారం కోర్టుకెక్కి 1995లో 95 కోట్ల డాలర్ల పరిహార ఒప్పందం దాకా వెళ్ళింది. కాబట్టి ఆ ఒక్క ఎల్బోతో ఆగకుండా, చేతికందిన మేర పాతది తీసి పెక్స్ పైపు వేయించాం. రెంటినీ కలిపే కప్లింగులు దొరుకుతాయి. రబ్బరు వాషరున్న నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, అక్కడ నీరాపేది వాషరే. బయటి కుళాయి దగ్గర ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు కూడా పెట్టాం. నేలలో కుళ్ళినంత మేరకే కోసి ప్లైవుడ్ వేశాడు మా అబ్బాయి. బండి తుక్కుకి పోలేదు.

చలికాలానికి ముందు నీరంతా తీసేయాలి. గడ్డకడితే నీరు ఉబ్బి పైపులు పగులుతాయి. పైపుల్లో పోసే యాంటీఫ్రీజ్ ఇలాంటి బండ్లకని అమ్మేదే అయి ఉండాలి, కారు రేడియేటరుది విషం. మన వయసువాళ్ళు బండి కిందకు దూరవద్దు, ఆ పని పిల్లలకు వదలండి.

ఇక్కడ మన ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. రాత్రి మోటారు, కుళాయిలు కట్టేసి ఓవర్‌హెడ్ టాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టండి. తెల్లారి తగ్గితే, మర్నాటి రాత్రి టాంకు దగ్గరి గేటువాల్వు కూడా కట్టి చూడండి. అప్పుడూ తగ్గితే టాంకుదే లీకు, తగ్గకపోతే కిందిది. గోడలు కొట్టించే ముందు మరుగుదొడ్డి ఫ్లష్ టాంకు మూత తీసి ఒకసారి చూడండి.